పది నిమిషాలకు నాలుగు సెకన్లు

తేదీ: నవంబరు 13, గురువారం

మరిదికి,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా లేవని తెలిసింది. ఆ సంతోషంతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అనుకుంటావు. ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమైతే తిట్టుకుంటూనైనా ఆఖరిదాకా చదువుతావు. నీ సంగతి నాకు తెలియనిదా? నేను ఈ ఇంటికి కాపరానికొచ్చేసరికి నువ్వు తొమ్మిదో తరగతి. లెక్కల్లో తప్పినప్పుడల్లా ఆ మార్కుల కాగితం మీ అన్నయ్యకి కనబడకుండా నా దగ్గరికి తెచ్చేవాడివి. ఒక్క మాటా అనకుండా సంతకం పెట్టి పంపేదాన్ని. నిన్ను పాడుచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటాను.

నిన్న నీ భార్య ఫోన్ చేసింది. అక్కా, ఆయన్ని రావద్దన్నారు, నలభై గోడౌన్లలో పెట్టిన పెట్టెలన్నీ తీసేస్తున్నారు, ఆయన రెండు రోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదు, ఇంక చాలక్కా, వదిలెయ్యి అని ఏడ్చింది. పిల్లలు బాగా చదువుతున్నారా అని అడిగి పెట్టేశాను. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. కానీ వదిలెయ్యమన్న మాట నేను ఏడాది క్రితం నీతో అనాల్సింది. అనలేదు. నిలబడి నీ ముఖం చూశానంతే.

ఆ రోజు సంగతి నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తాను. విచారణ జరిగిన గదిలో నువ్వు కూర్చున్నావు, నేను నిలబడ్డాను. నిలబడ్డవాళ్ళకి గది వేరేగా కనబడుతుంది.

మందుల గోడౌనులో కోల్డ్‌రూం నా చేతిలో పంతొమ్మిదేళ్ళు ఉంది. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. రెండు గంటలకోసారి థర్మామీటరు చూసి పుస్తకంలో రాయాలి. నీ కంపెనీ కొత్తగా పెట్టె చేసిందనీ, పది నిమిషాలకోసారి అదే చల్లదనం చూసి అదే రాసుకుంటుందనీ నువ్వు చెప్పినప్పుడు, అప్పటి మేనేజరు దగ్గరికి నిన్ను తీసుకెళ్ళింది ఎవరు? మా మరిది చేసిన పెట్టె సార్, ఒక నెల పెట్టి చూడండి అని బతిమాలింది ఎవరు? ఆ పెట్టెకి గోడ మీద జాగా చూపించి, మేకు కొట్టడానికి స్టూలు పట్టుకున్నది కూడా నేనే.

సెప్టెంబరు ఒకటిన పొద్దున పదింటికి బిగించావు. ఇరవైతొమ్మిదిన వచ్చి, పెట్టె లెక్కలన్నీ రాసుకునే మెమరీ కార్డు తీశావు. ఇరవయ్యేడో తేదీ పదకొండున్నర నుంచి ఒంటిగంటా యాభై దాకా గది పందొమ్మిది డిగ్రీలకి ఎక్కిందని అందులో ఉంది. తలుపు సరిగ్గా పడలేదు, ఎవరూ చూడలేదు. ఆ వేళ ఎవరిది? నాది. పుస్తకంలో పన్నెండింటికి నాలుగు డిగ్రీలని ఎవరు రాశారు? నేనే రాశాను.

గదిలో ఉన్న టీకాలన్నీ పారబోశారు. అయిదు ఆసుపత్రులకి రెండు వారాలు పంపడానికి ఏమీ మిగల్లేదు. పసిపిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు వరండాల్లో కూర్చుని కూర్చుని తిరిగి వెళ్ళిపోయారు. ఆ తల్లుల ఉసురు నాకు తగులుతుందని మేనేజరు అందరి ముందూ అన్నాడు.

నేను చెప్పింది చెప్పాను. పన్నెండింటికి నా కళ్ళతో చూసే రాశాను సార్, రెండింటికి గొళ్ళెం పడిన చప్పుడు విన్నాకే వెళ్ళాను, ఆ తర్వాత ఆ గది గడప తొక్కలేదు అన్నాను. మధ్యాహ్నం డ్యూటీ ఆవిడ తన పేజీ చూపించింది. నాలుగింటికి నాలుగు డిగ్రీలు, ఆరింటికి నాలుగు, ఎనిమిదింటికి నాలుగు. నా పేజీలోనూ అన్నీ నాలుగులే. ఎవరి నాలుగు అబద్ధమో చెప్పాల్సింది నీ పెట్టె. అందరూ నీ వైపు తిరిగారు.

నువ్వు నా వైపు చూశావు. మనుషులు పొరపాటు పడతారు వదినా, పెట్టె అబద్ధం చెప్పదు అన్నావు. వదినా అని మరీ అన్నావు. ఆ మాట బదులు చెంపదెబ్బ కొట్టినా ఇంత బాధుండేది కాదు.

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం ఆ సాయంత్రానికి పోయింది. ఇంటికొచ్చి మీ అన్నయ్యకి చెబితే ఆయన చాలాసేపు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. ఆఖరికి, వాడు మాత్రం ఏం చేస్తాడే, మిషనులో ఏముంటే అదే చెప్పాలిగా అన్నారు. ఆయన స్వభావం అది. నాకా మాట రాయిలా తగిలింది. ఇంట్లో కూడా నేను దొంగనే అయిపోయాను.

రెండు నెలలు ఊరికే కూర్చున్నాను. అలమారలు సర్దాను, సర్దినవే మళ్ళీ సర్దాను. వీధిలోకి వెళితే ఎవరైనా పలకరిస్తారేమోనని ఆ చివర కొట్టుకి వెళ్ళడం మానేశాను. ఎక్కడ పొరపాటు జరిగిందా అని మనసులో ఒకటే పీకులాట. పన్నెండింటికి నేను చూసిన నాలుగు, నీ పెట్టె చూసిన పందొమ్మిది. రెండూ నిజం కావు. నా కళ్ళని నేను నమ్ముతాను. అయితే ఆ పెట్టె లోపల ఏముంది?

ఒకరోజు ఇస్త్రీపెట్టె పాడైతే మార్కెట్టు వెనక రిపేరు షాపుకి పట్టుకెళ్ళాను. ఆ షాపాయన టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఏది అడిగినా నిదానం అమ్మా, నిదానం అంటాడు గనక వీధంతా నిదానం మాస్టారు అంటారు. ఆయన బల్ల మీద వేలెడంత పచ్చ బోర్డు, దాని మీద నల్లటి చిప్పు. సరిగ్గా నీ పెట్టె మూత తీసినప్పుడు చూసినట్టే ఉంది. ఇదేమిటి మాస్టారూ అన్నాను. మైక్రోకంట్రోలరు, చెప్పినపని చెప్పినట్టు చేస్తుంది, సొంత బుర్ర ఉండదు అన్నాడు. అబద్ధం చెబుతుందా అన్నాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి నన్ను చూసి, చెప్పినవాడు చెబితే చెబుతుంది అన్నాడు.

ఇస్త్రీపెట్టె అక్కడే మర్చిపోయి వచ్చేశాను. మర్నాడు వెళ్ళి, నాకు ఇది నేర్పండి అన్నాను. వయసెంత అన్నాడు. నలభయ్యేడు అన్నాను. నాకు డెబ్భై ఒకటి, ఇద్దరం కలిస్తే నూటపద్ధెనిమిది, తొందరపడే వయసు కాదులే, కూర్చో అన్నాడు.

నీ కాలేజీ చదువు నాలుగేళ్ళు. నాది మాస్టారి షాపులో స్టూలు మీద ఏడు నెలలు. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి మధ్యాహ్నం దాకా కూర్చునేదాన్ని. మొదటి నెలంతా బోర్డు మీద చిన్న దీపం వెలిగించడం, ఆర్పడం. టంకం పెడుతుంటే వేళ్ళు కాలాయి. ప్రోగ్రాంలో ఒక చుక్క మర్చిపోతే మొత్తం మొరాయించేది. చదువుకునే రోజుల్లో ఇంత శ్రద్ధ ఉంటే కలెక్టర్నయ్యేదాన్ని. కానీ అప్పుడు నాకు శత్రువు లేడు.

ఆఖరికి నా మొదటి పెట్టె చేశాను. పది నిమిషాలు ఆగు, చల్లదనం చూడు, కార్డు మీద రాయి, మళ్ళీ పది నిమిషాలు ఆగు. ఇంతే ప్రోగ్రాం. తేలికే కదా అనుకున్నాను. ఇంట్లో ఫ్రిజ్‌లో పాల గిన్నె పక్కన పెట్టాను. పది రోజుల తర్వాత తీసి కార్డు చూస్తే ఆఖరి వరస పొద్దున తొమ్మిదిన్నర అంటోంది. గోడ మీద గడియారం పదకొండు దాటింది. ఎక్కడో తప్పు చేశానని మొదటినుంచీ మళ్ళీ చూసుకున్నాను. ఎంత చూసినా దొరకలేదు. మాస్టారు దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆయన నవ్వలేదు. ఆగడానికి పది నిమిషాలు సరే, చూడ్డానికీ రాయడానికీ ఎంత పడుతోంది అన్నాడు. స్టాప్‌వాచీతో చూశాం. సెన్సరు మేల్కొని, పదిసార్లు చూసి సగటు తీసి, కార్డు తెరిచి రాసి మూసేసరికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లని పెట్టె లెక్కలో వెయ్యడం లేదు. వరసకి పది నిమిషాలే అనుకుంటోంది. నాలుగు సెకన్లే కదా మాస్టారూ అన్నాను. రోజుకి ఎన్ని వరసలమ్మా అన్నాడు. నూటనలభైనాలుగు. రోజుకి తొమ్మిదిన్నర నిమిషాలు. నెలకి?

నేను లెక్క పూర్తిచెయ్యలేదు. లేచి ఇంటికొచ్చేశాను. విచారణ రోజున నాకిచ్చిన కాగితాల కట్ట బీరువాలో అడుగున ఉంది. అప్పటినుంచీ దాన్ని ముట్టుకోలేదు. తీసి ఆఖరి పేజీ చూశాను. ఆఖరి వరస: ఇరవైతొమ్మిదో తేదీ, ఉదయం ఏడూ పది. దాని కింద నీ సంతకం. సంతకం పక్కన నువ్వే వేసిన టైము: ఉదయం పదకొండూ నలభై, కార్డు తీసిన వేళ.

కాగితాలన్నీ నేల మీదే పరుచుకుని కూర్చున్నాను మరిదీ. పెట్టె ఆగకుండా నడుస్తూ ఉంటే పదకొండూ ముప్పై దాకా వరసలుండాలి. ఏడూ పది దగ్గరే ఎందుకు ఆగింది? నాలుగున్నర గంటలు ఎక్కడికి పోయాయి? వరసలు లెక్కపెట్టాను. పోయిన టైముని వాటితో భాగించాను. వరసకి నాలుగు సెకన్లు. నా ఫ్రిజ్‌లో పెట్టె చేసిన తప్పే, అచ్చుగుద్దినట్టు. ఇరవయ్యేడో తేదీ నాటికి నీ పెట్టె నాలుగు గంటల పది నిమిషాలు వెనకబడి ఉంది. అది పదకొండున్నర అన్నప్పుడు అసలు టైము మధ్యాహ్నం మూడూ నలభై. నేను గోడౌను దాటి గంటా నలభై నిమిషాలు.

అప్పటిదాకా నువ్వు పొరపాటు చేశావనుకున్నాను. ఆ సంతకం చూశాక తెలిసింది. నువ్వు చూశావు. ఏడూ పది చూశావు, నీ చేతి గడియారం చూశావు, పదకొండూ నలభై అని రాశావు. చేతికింద ఉన్న రెండు టైములూ కలవడం లేదని తెలిసి కూడా ఆ గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నావు. ఆ వారమే కదా మిగతా గోడౌన్లన్నీ మీ పెట్టెలు తీసుకోవాలా వద్దా అని తేల్చేది? పెట్టెలో తప్పుందంటే నీ పని పోతుంది. అందుకని నా పని పోనిచ్చావు.

ఆ పూటనుంచి నాకు ఆకలి సరిగ్గా వేసింది. నిద్ర సరిగ్గా పట్టింది. ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళకి అలాగే ఉంటుంది.

అయితే నీ పెట్టె తప్పని చెబితే సరిపోదు. పక్కన తప్పుచెయ్యని పెట్టె ఉండాలి. మాస్టారికి చెప్పాను. ఎంత తప్పు చెయ్యకూడదు అన్నాడు. నెలకి ఒక్క సెకను కూడా అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, అయితే నిదానం అన్నాడు.

మొదట ఆగడం మానేశాం. పదింటికి చూడాలి, పదీ పదికి చూడాలి, పదీ ఇరవైకి చూడాలి. చూడ్డానికి నాలుగు సెకన్లు పట్టనీ, నలభై పట్టనీ, తర్వాత వేళ మాత్రం కదలకూడదు. ఎనిమిదింటి మాత్ర పది నిమిషాలు ఆలస్యంగా వేసుకున్నామని రేపటి మాత్ర కూడా జరుపుతామా? ముందు అనుకున్న వేళకి పది నిమిషాలు కలిపితేనే తర్వాతి వేళ. పని ఎప్పుడు ముగిసిందన్నది లెక్కలోకి రాదు. ఇది రాయడానికి ప్రోగ్రాంలో రెండు వరసలు చాలాయి. నా ఉద్యోగం ఆ రెండు వరసల ఖరీదు.

అయినా కుదర్లేదు. బ్యాటరీ ఆదా కోసం ఈసారి చిప్పుని మధ్యమధ్య నిద్రపుచ్చాం, చలిలో పెడితే రోజుకి ఏడు నిమిషాలు పోతోంది. నిద్రలో లెక్కపెట్టే దాని సొంత గడియారం ఉజ్జాయింపుదట, చలికి వేడికి మారిపోతుందట. దాన్ని పక్కనపెట్టి చేతి గడియారాల్లో ఉండే క్రిస్టల్ తగిలించాం. బియ్యపుగింజంత ఉంటుంది. సెకనుకి ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఎనిమిది సార్లు ఊగుతుంది. చిప్పు నిద్రపోతున్నా అది ఊగుతూ లెక్కపెడుతూ, వేళ కాగానే లేపుతుంది. చిప్పు లేచి, చూసి, రాసి, మళ్ళీ పడుకుంటుంది. కొన్నాళ్ళకి దాని మీద నాకు మమకారం కూడా పుట్టింది.

ముప్పై రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, రేడియోలో టైము చెప్పే గంటతో సరిచూస్తే నలభై సెకన్లు వెనక. మాస్టారు చాల్లెమ్మా, ఇంతకంటే ఎవరికి కావాలి అన్నాడు. నాకు కావాలి అన్నాను. క్రిస్టల్ కూడా చలికి కాస్త బద్ధకిస్తుంది. వేడిలో పెట్టినా బద్ధకిస్తుంది, అదో తమాషా. కోల్డ్‌రూం చల్లదనానికి ఎంత బద్ధకిస్తుందో తెలిసిపోయింది గనక, మూడు రోజులకోసారి నాలుగు సెకన్లు ముందుకి జరుపుకోమని రాశాను. ఇంకో నెల. మీ అన్నయ్య పాల గిన్నె ఎక్కడ పెట్టాలో తెలీక ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడేవారు. ఇది వాడి మరణశాసనం, కదపకండి అన్నాను. ఆయన నవ్వుతారనుకున్నాను. వాడు చిన్నోడే, వదిలెయ్యకూడదా అన్నారు. వాడికి ముప్పైతొమ్మిది అన్నాను. ఆ నెలాఖరుకి రేడియో గంటకీ నా పెట్టెకీ తేడా తెలియలేదు.

ఈలోగా గోడౌనుకి కొత్త మేనేజరు వచ్చాడు. మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నాలుగోదానికి నీ సంతకమున్న పేజీ నకలు జతచేశాను. మూడో రోజున కబురొచ్చింది. ఆయన అరగంట ఆ పేజీనే చూశాడు. మీ పెట్టె, వాళ్ళ పెట్టె పక్కపక్కనే నెలరోజులు పెడదాం, వాళ్ళనీ పిలుద్దాం అన్నాడు.

అక్టోబరు ఒకటిన నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చావు. మా పెట్టెలో ఒక్క ముక్క కూడా మార్చలేదు సార్, అక్కర్లేదు, వదినగారి సరదా తీరనివ్వండి అన్నావు. నీ నోటితో నువ్వే అన్నావు. నేను స్టూలెక్కి నా పెట్టె నేనే బిగించుకున్నాను. ఈసారి ఎవరూ పట్టుకోలేదు.

ముప్పయ్యో తేదీ సాయంత్రం కోల్డ్‌రూంలో సరుకంతా చిన్న గదిలోకి మార్చారు. అప్పటినుంచి తాళంచెవి మేనేజరు జేబులోనే ఉంది, తలుపు మీద ఆయన సంతకం చేసిన కాగితం అంటించి ఉంది. ముప్పయ్యొకటిన పొద్దున మీ కంపెనీ పెద్దలిద్దరు, నువ్వు, నేను, మధ్యాహ్నం ఆవిడ వచ్చాం. పదకొండు కొట్టగానే మేనేజరు ఆ కాగితం చింపి తలుపు బార్లా తెరిచాడు. ఇరవై నిమిషాలు అందరం ఆ తలుపు ముందు నిలబడ్డాం. నీ నుదుటిమీద చెమట నాకు కనబడుతూనే ఉంది, అంత చల్లగాలి ముఖానికి కొడుతున్నా.

కార్డులు తీశారు. నా పెట్టె పదకొండూ పదికి వేడెక్కిందని రాసింది. నీ పెట్టె పొద్దున ఆరూ ఇరవైకి వేడెక్కిందని రాసింది. మేనేజరు జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. ఆరూ ఇరవైకి నేను ఇంట్లో పళ్ళు తోముకుంటున్నానండీ, తలుపు ఎవరు తీశారు అన్నాడు. మీ పెద్దాయన నిన్ను అడిగాడు. నేను నెమ్మదిగా, మనుషులు పొరపాటు పడతారు మరిదీ, పెట్టె అబద్ధం చెప్పదుగా అన్నాను.

తర్వాత నీ సంతకమున్న పేజీ మీ పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన ఏడూ పది చూశాడు, పదకొండూ నలభై చూశాడు, నిన్ను చూశాడు. ఇది నువ్వు రాసిందేనా అన్నాడు. నువ్వు తల ఊపావు. అప్పుడు నా కడుపు చల్లబడింది. ఏడాదిగా మండుతున్నది ఒక్కసారిగా చల్లబడింది. అంత హాయి నాకు నా పెళ్ళినాడు కూడా తెలీదు.

మిగతా నలభై గోడౌన్లకీ నేనే రాశాను. మీ కంపెనీవాళ్ళు దాచిపెడతారేమోనని ఒక్కొక్కరికీ విడివిడిగా, ఆ పేజీ నకలుతో సహా. కవర్ల మీద చిరునామాలు మీ అన్నయ్య చేత రాయించాను. ఆయన రాసిపెట్టారు. నలభై కవర్లు రాశాక వెళ్ళి పడుకున్నారు. నాకు జాలి వెయ్యలేదు.

మధ్యాహ్నం ఆవిడకి ఇప్పుడు సంజాయిషీ అడుగుతూ కాగితమిచ్చారు. మూడూ నలభై ఆవిడ వేళ కదా. ఆరు గంటలకి, అంటే నీ పెట్టె ఒంటిగంటా యాభై అన్నప్పుడు, గదిలోకి వెళ్ళి తలుపు సరిగ్గా వేసింది ఆవిడే అయ్యుండాలి, ఏమీ తెలియనట్టు నాలుగు డిగ్రీలని రాసుకుంది. మొన్న దారిలో ఎదురైంది. నాకేం తెలీదక్కా, నేను తలుపు తెరిచి వదల్లేదు, చూడకుండా రాసిన మాట నిజం, అంతే అంది. ఆ రోజు విచారణలో నీ పేజీ చూపించినప్పుడు ఈ మాట చెప్పాల్సింది అని ఆవిడతో అనేసి వచ్చేశాను. ఆవిడా రుచి చూడనీ.

సోమవారంనుంచి నన్ను మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. రేపు వెళ్ళి కాగితాల మీద సంతకాలు పెట్టాలి. కోల్డ్‌రూంలో ఇక నా పెట్టే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడైనా మా ఇంటికి వస్తే మీ అన్నయ్యని చూసి వెళ్ళు. నాతో మాట్లాడక్కర్లేదు.

ఇట్లు,
నీ అన్న భార్య

తా.క.

నవంబరు 16, ఆదివారం.

ఈ ఉత్తరం గురువారమే కవరులో పెట్టి అంటించాను. ఇప్పుడు చింపి ఇది రాస్తున్నాను.

శుక్రవారం గోడౌనుకి వెళ్ళాను. సంతకాలు పెట్టాక, గేటు దగ్గర కూర్చునే ఆయన్ని కిందటేడు రాకపోకల పుస్తకం చూపించమన్నాను. ఆ మూడూ నలభైకి లోపల ఎవరెవరున్నారో చూద్దామని. మధ్యాహ్నం ఆవిడ తప్పించుకోకుండా ఇంకో ఆధారం దొరుకుతుందని. సెప్టెంబరు ఇరవయ్యేడు తెరిచాను. లోపలికి మూడూ ఇరవయ్యైదు, బయటికి మూడూ నలభయ్యైదు. సంతకం నాది.

చూసిన వెంటనే గుర్తొచ్చింది. బస్సు కోసం నిలబడి ఉండగా, ఇన్సులిన్ డబ్బాలు రెండు ఫ్యాను ఎదురుగా పై అరలో పెట్టేశానని తట్టింది. అక్కడుంటే గడ్డకడతాయి. పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. అవి కింద అరలోకి మార్చి, ఖాళీ అట్టపెట్టెలు రెండు చేతుల్లో పట్టుకుని, తలుపు భుజంతో తోసి వచ్చేశాను. గొళ్ళెం చప్పుడు విన్నానా? రెండింటికి విన్నదే గుర్తుంది. మధ్యాహ్నం ఆవిడ అప్పుడు ముందు గదిలో లారీ సరుకు దింపించుకుంటోంది. నన్ను చూడలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పదగ్గ పని అనిపించలేదు. విచారణలో గడప తొక్కలేదన్నప్పుడు నేను అబద్ధమాడుతున్నానని నాకు తెలీదు. ఇది నువ్వు నమ్మినా ఒకటే, నమ్మకపోయినా ఒకటే.

నెలకి ఒక్క సెకను కూడా తప్పని గడియారం చేశాను. అది నేరుగా నన్నే చూపించింది.

ఆ రోజు నువ్వు నిజం చెప్పి ఉంటే, టైము మూడూ నలభై అని ఉంటే, అందరం కలిసి ఈ పుస్తకమే తెరిచేవాళ్ళం. నా పని అప్పుడే పోయేది, న్యాయంగా పోయేది. ఆ తల్లులకి నేనేం చేశానో ఏడాది ముందే తెలుసుకునేదాన్ని. నీ అబద్ధం నన్ను ఏడాదిపాటు మంచిదాన్నిగా ఉంచింది. దీనికి కూడా నిన్ను క్షమించను.

శుక్రవారం ఆ పుస్తకం మూసి గేటాయనకిచ్చి ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. శనివారం కూడా చెప్పలేదు. ఎవరికి తెలుస్తుంది, ఆ పేజీ ఎవరు తిరగేస్తారు అనుకున్నాను. పెద్ద కష్టమేమీ కాలేదు మరిదీ. అన్నం తిన్నాను, బట్టలు ఆరేశాను. మధ్యాహ్నం ఆవిడ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా వేరే పని చూసుకున్నాను. నువ్వెలా చెయ్యగలిగావో నాకు ఏడాదిగా అర్థం కాలేదు. నిన్న అర్థమైంది.

ఈ ఉదయం మేనేజరు ఇంటికి వెళ్ళి, అంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. తలుపు తెరిచి వదిలింది ఆవిడ కాదు, నేనే అని. ఆయన చదివి నన్ను కూర్చోమన్నాడు. కూర్చోలేదు. సోమవారం నేను పనిలోకి వెళ్ళడం లేదు. ఈ సంగతి మీ అన్నయ్యకి ఇంకా తెలీదు. ముందు నీకే రాస్తున్నాను, అర్థమయ్యేది నీకొక్కడికే గనక.

పైన రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా కొట్టెయ్యడం లేదు. తెలిసి నువ్వు ఏడాది నోరు మూసుకున్నావు. నేను రెండు రోజులు. మన ఇద్దరికీ తేడా అంతే. ఆ తేడా మాత్రం నేను వదులుకోను.